విశాఖలో మా ఖగోళ ఉపన్యాసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఔత్సాహిక ఖగోళ క్లబ్ నెలకోసారి పెట్టే ఉపన్యాసాలకు ఎవరైనా రావచ్చు. వచ్చేముందు ఫోన్ చేసి అడిగేవి, హాల్లో పక్క కుర్చీవాళ్లని గుసగుసగా అడిగేవి, మెట్లు దిగుతూ మమ్మల్ని ఆపి అడిగేవి అన్నీ ఇక్కడ కలిపి రాశాం.

ఖగోళ శాస్త్రం గురించి నాకేమీ తెలియదు. రావచ్చా?

నిక్షేపంగా రండి. హాల్లో ఎక్కువమంది మీలాంటివాళ్లే. పోర్టులో షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, టెన్త్ పిల్లలు, మనవల్ని తీసుకొచ్చి వాళ్లకన్నా శ్రద్ధగా వినే తాతగార్లు. మాట్లాడేవాళ్లకి మేం ముందే చెబుతాం: ముందు వరసలో కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పండి, వెనక కూర్చున్న ఫిజిక్స్ లెక్చరర్ గారు ఎలాగూ సర్దుకుంటారు.

ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయి?

శుక్ల పక్షంలో సప్తమి, అష్టమి తిథులకు దగ్గరగా వచ్చే శనివారం, సాయంత్రం ఆరున్నరకి. ద్వారకానగర్‌లో ఒక స్కూలు వాళ్లు తమ పై అంతస్తు హాలు, దాని మీది డాబా మాకు ఇస్తున్నారు. పరీక్షల రోజుల్లో హాలు దొరకదు, అప్పుడు వేరేచోట పెట్టి ముందుగానే వాట్సాప్ గ్రూపులో చెబుతాం.

రెండో శనివారం అని పెట్టేస్తే గుర్తుంటుంది కదా. ఈ తిథుల గొడవ ఏమిటి?

ఉపన్యాసం అయ్యాక డాబా మీద టెలిస్కోప్ పెడతాం. గొడవంతా దానికోసమే.

సప్తమి, అష్టమి రోజుల్లో పొద్దుగూకే వేళకి చంద్రుడు సగం వెలిగి, ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. వెలిగిన సగానికీ చీకటి సగానికీ మధ్య గీత ఉంటుంది చూడండి, అక్కడ చంద్రుడి మీద అప్పుడే తెల్లవారుతుంటుంది. ఎండ ఏటవాలుగా పడటంతో కొండల నీడలు పొడుగ్గా సాగి, గుంతల లోతు తెలుస్తుంది. చంద్రుడి మీది అపెనైన్ పర్వతాల వరస ఆ గీత దగ్గరే ఉంటుంది. కొండ దిగువన ఇంకా చీకటి, శిఖరాలకు మాత్రం ఎండ తగిలి, నల్లటి భాగంలో తెల్లటి చుక్కలు విడిగా వెలుగుతుంటాయి. వాటిని మొదటిసారి చూసినవాళ్లు "లెన్సు మీద దుమ్మా అండీ?" అని అడుగుతారు.

పున్నమినాడు ఇవేవీ ఉండవు. ఎండ నిట్టనిలువుగా పడి, నీడలన్నీ పోయి, చంద్రుడు సున్నం కొట్టిన పళ్లెంలా ఉంటాడు. కళ్లు జిగేల్‌మంటాయి కూడా. "పున్నమికి పెట్టండి, బాగా కనిపిస్తాడు" అని ప్రతిసారీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒక్కసారి అష్టమి చంద్రుణ్ణి చూశాక ఆ సలహా మళ్లీ ఇవ్వరు.

అమావాస్య దగ్గరి శనివారాలు మాత్రం ఊరి బయటి ట్రిప్పులకి దాచుకుంటాం. బీచ్ రోడ్డు లైట్లు, పోర్టు లైట్ల మధ్య పాలపుంత కనిపించదు. దానికోసం అనంతగిరి, అరకు వైపు కొండలెక్కాల్సిందే. హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2014 అక్టోబరులో కరెంటు లేని ఆ రాత్రుల్లో మాత్రం ఊళ్లోనే అన్ని నక్షత్రాలు చూశామని చాలామంది ఇప్పటికీ చెబుతారు.

టికెట్ ఎంత? ముందుగా పేరు ఇవ్వాలా?

టికెట్ లేదు. పేరు ఇవ్వక్కర్లేదు. గుమ్మం దగ్గర ఒక డబ్బా ఉంటుంది, టీ ఖర్చుకీ హాలు కరెంటుకీ. వేసినా సరే, వేయకపోయినా సరే. పది మందికన్నా ఎక్కువ కలిసి వస్తే మాత్రం ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి, కుర్చీలు తెప్పించాలి.

ఏ భాషలో మాట్లాడతారు?

తెలుగులో. గెలాక్సీని గెలాక్సీ అనే అంటాం, టెలిస్కోప్‌ని టెలిస్కోప్ అనే అంటాం, దూరదర్శిని అని మాట్లాడి ఎవర్నీ ఇబ్బంది పెట్టం. నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంట్ వాళ్లు, ఒడిశా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కూడా వస్తుంటారు. వాళ్లు హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగితే, ప్రశ్నను ముందు తెలుగులో అందరికీ చెప్పి ఆ తర్వాత జవాబు ఇస్తాం. బయటి ఊరి శాస్త్రవేత్త ఇంగ్లీషులో మాట్లాడే నెలల్లో మధ్యమధ్య ఆగి, మా సభ్యుల్లో ఒకరు సారాంశం చెబుతారు. అలా ఆగడం వల్ల మాట్లాడేవాళ్లకి కొంచెం చిరాకే, వినేవాళ్లకి మాత్రం చాలా మంచిది.

ఎవరు మాట్లాడతారు?

ఎక్కువగా మా సభ్యులే. వాళ్లలో ఖగోళ శాస్త్రం ఉద్యోగంగా చేసేవాళ్లు దాదాపు లేరు. కాలేజీ లెక్చరర్లు, రిటైరైన ఇంజినీర్లు, ఒక దంతవైద్యురాలు, ఫోటో స్టూడియో నడిపే ఒకాయన. ఏడాదిలో కొన్నిసార్లు పరిశోధన సంస్థల నుంచి ఎవరినైనా పిలుస్తాం. నిజం చెప్పాలంటే పెద్ద డిగ్రీ ఉన్న ప్రతివాళ్లూ బాగా చెప్పలేరు. ఏడాది పాటు డాబా మీద ఒకే చంచల తార (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రం) వెలుగు ఎలా మారిందో రాసుకుని, ఆ గ్రాఫ్ పట్టుకొచ్చిన మనిషి మాట్లాడితే హాలు ఎక్కువ నిశ్శబ్దంగా ఉంటుంది.

ఏయే అంశాల మీద ఉంటాయి? అన్నీ బ్లాక్ హోల్సేనా?

బ్లాక్ హోల్స్ మీద ఏడాదికి ఒకటి తప్పదు, అది లేకపోతే పిల్లలు ఊరుకోరు. కానీ మాకు ఇష్టమైనవి మన నేల మీద జరిగిన కథలు.

డాబాగార్డెన్స్ పేరు వినని విశాఖవాసి ఉండరు. అక్కడే 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం, కట్టించారు. ఆయన జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వెళ్లి అక్కడి అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చారు. ఆయన తర్వాత ఆ పని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారి చేతికొచ్చింది. ఆయన డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదిలేసి మరీ అబ్జర్వేటరీ చూసుకున్నారు, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోయినప్పుడు, ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు ఓడలెక్కి దూరదేశాలు వెళ్లి దాన్ని కొలుస్తుంటే, ఈయన విశాఖలో తన ఇంటి దగ్గరే కూర్చుని టైములు రాసుకుని లండన్‌కి పంపారు. ఈ ఉపన్యాసం పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి "నేను రోజూ ఆ రోడ్డు మీదే ఆఫీసుకి వెళ్తానండీ, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు" అంటారు.

ఇంకోటి గుంటూరు కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని, కాంతిని రంగుల గీతలుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. వాటి గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనిపించింది. మర్నాడు మామూలు ఎండలోనే స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూస్తే నిజంగానే కనిపించాయి. ఆ జ్వాలల వర్ణపటంలోని పసుపు గీత ఒకటి అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. అదే మూలకాన్ని భూమి మీద రామ్‌సే అనే బ్రిటన్ శాస్త్రవేత్త పట్టుకున్నది 1895లో. బెలూన్లు అమ్మేవాడి సిలిండర్‌లో ఉండే గ్యాస్ కథలో మన గుంటూరు కూడా ఉందంటే ఎనిమిదో తరగతి పిల్లలు నమ్మరు.

మిగతావి పంచాంగం ఎలా చదవాలి, తోకచుక్కలు, ఇస్రో ప్రయోగాలు, ఈ నెల ఆకాశంలో ఏముంది లాంటివి. పంచాంగం ఉపన్యాసానికి ఎప్పుడూ హాలు నిండిపోతుంది. చంద్రుడు సూర్యుడికన్నా 12 డిగ్రీలు ముందుకి జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం రోజూ ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటలు దాటొచ్చు. ఏకాదశి ఈరోజా రేపా అని ఇళ్లల్లో జరిగే వాదనకి కారణం ఇదేనని తెలిశాక మామ్మలు కూడా నోట్సు రాసుకుంటారు.

ఉపన్యాసం వినే ఓపిక లేదు. నేరుగా టెలిస్కోప్ టైముకి వస్తే?

రావచ్చు, తలుపులేమీ వేయం. కానీ మీరే నష్టపోతారు. ఎలాగో చెబుతాం.

శనిగ్రహాన్ని తీసుకోండి. మా దగ్గరున్న పెద్ద టెలిస్కోప్ ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ రకం. దాంట్లో శని మీ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. లేత పసుపు రంగులో చిన్న బొట్టు, చుట్టూ సన్నటి వలయం, గాలి కదలికకి కాస్త వణుకుతుంటుంది. నాసా ఫోటోలు చూసి వచ్చినవాళ్లు కన్ను పెట్టి, రెండు సెకన్లలో తీసేసి, "ఇంతేనా?" అంటారు. వెనక క్యూలో ఉన్నవాళ్లకి కూడా ఉత్సాహం చచ్చిపోతుంది.

ముందు ఉపన్యాసం విన్నవాళ్లు అదే బొట్టు దగ్గర చాలాసేపు ఉండిపోతారు. ఆ వెలుతురు అక్కణ్ణించి బయల్దేరి సుమారు గంటా ఇరవై నిమిషాలు ప్రయాణించి ఇప్పుడే కంట్లో పడిందని వాళ్లకి తెలుసు. ఆ వలయాలు ఏటేటా వంపు మార్చుకుంటాయని, దాదాపు పదిహేనేళ్లకోసారి అంచు మనవైపు తిరిగి గీతలా సన్నబడతాయని, 2025 మార్చిలో అలాగే అయిందని తెలుసు. పక్కన కనిపించే చిన్న చుక్క శని చంద్రుల్లో ఒకటైన టైటాన్ అని వెతుక్కుంటారు. టెలిస్కోప్ అదే, శని అదే. అందుకే ఉపన్యాసం ఎప్పుడూ ఆ రాత్రి డాబా మీద చూపించబోయే దాని మీదే ఉండేలా చూస్తాం. గురుగ్రహం ఉన్న నెలలో గురుడు, చంద్రుడొక్కడే ఉంటే చంద్రుడు.

మబ్బు పడితే?

ఉపన్యాసం ఆగదు, టెలిస్కోప్ ఆగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చూడటం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరు తుఫానుల టైము. డిసెంబరు నుంచి మార్చి దాకా మనకి పండగే. వర్షాకాలంలో డాబాకి బదులు హాల్లోనే ప్రశ్నల టైము పెంచుతాం. కొందరు పాత సభ్యులు మబ్బు రాత్రులే బాగుంటాయంటారు, నిలబడి క్యూ కట్టే పని ఉండదు కాబట్టి.

పిల్లల్ని తీసుకురావచ్చా? ఎంత వయసు నుంచి?

ఎనిమిదేళ్లు దాటినవాళ్లు గంటసేపు కూర్చోగలరు. అంతకన్నా చిన్నవాళ్లయితే తలుపు పక్కన కుర్చీ చూసుకోండి, ఏడిస్తే బయటికి తీసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది. టెలిస్కోప్ దగ్గర పిల్లలే ముందు. ఒక్క విన్నపం: పిల్లవాడు చూస్తున్నప్పుడు "కనిపించిందా? కనిపించిందా?" అని భుజం కుదపకండి. కంగారుపడి కనిపించకపోయినా కనిపించిందనేస్తాడు. వాడికి టైము ఇచ్చి, ఏం కనిపిస్తోందో వాణ్ణే చెప్పనివ్వండి.

జాతకాలు, రాశిఫలాలు చెబుతారా?

చెప్పం. ఈ ప్రశ్న దాదాపు ప్రతి నెలా వస్తుంది, అడిగినవాళ్లని ఎవరూ ఎగతాళి చెయ్యరు. మీ జన్మనక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో మాత్రం తప్పకుండా చూపిస్తాం. రోహిణి, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ అన్నీ ఊళ్లో లైట్ల మధ్య కూడా తేలిగ్గా కనిపించే నక్షత్రాలే. కృత్తికలు మాత్రం కాస్త చీకటి ఉంటేనే బాగుంటాయి. ఒకసారి జాలరిపేట పెద్దాయన ఒకరు వాటిని చూపిస్తూ "మేం పిల్లలకోడి అంటాం బాబూ" అని, తన చిన్నప్పుడు సముద్రం మీద రాత్రి ఎంత గడిచిందో వాటి ఎత్తుని బట్టి ఎలా లెక్కేసేవారో చెప్పారు. ఆ నెల ఉపన్యాసకుడు తన స్లైడ్లు పక్కనపెట్టి ఆయన్నే మాట్లాడమన్నాడు.

సంక్రాంతి దగ్గర్లో ఇంకో ప్రశ్న వస్తుంది. ఉత్తరాయణం డిసెంబరు 21, 22కే మొదలవుతుంది కదా, మనం జనవరి 14, 15న ఎందుకు చేసుకుంటాం అని. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగటం వల్ల, సుమారు 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున ఈ తేడా పేరుకుంది. దీని మీదే ఒక పూర్తి ఉపన్యాసం ఉంది, జనవరిలో పెడతాం.

గ్రహణం రోజు కూడా కార్యక్రమం ఉంటుందా?

మన దగ్గర కనిపించే గ్రహణమైతే ఉంటుంది. సూర్యగ్రహణానికి రెండు వారాల ముందే కళ్ల జాగ్రత్తల మీద ప్రత్యేక ఉపన్యాసం పెడతాం, దానికి మాత్రం తప్పకుండా రండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, మామూలు కూలింగ్ గ్లాసులు, బకెట్లో పేడనీళ్లు ఇవేవీ పనికిరావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న సౌర కళ్లద్దాలే వాడాలి, అవి కూడా గీతలు పడితే పారేయాలి. కంటి లోపలి పొర రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా మీకు తెలియదు. ఈ ఒక్క విషయంలో మేం ఎవరి మాటా వినం.

గర్భిణులు, భోజనం, స్నానం గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాం: గ్రహణంలో సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు, చంద్రుడు అడ్డొచ్చి నీడ పడుతుంది, అంతే. ఇంట్లో ఏ ఆచారం పాటించాలన్నది మీ ఇష్టం. 1980 ఫిబ్రవరి 16 గ్రహణానికి తలుపులు బిడాయించుకుని కూర్చున్నవాళ్లు ఇప్పుడు మా ముందు వరసలో ఉన్నారు. ఆ రోజు హైదరాబాద్ దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీలో సంపూర్ణ గ్రహణం చూడటానికి శాస్త్రవేత్తలు బారులు తీరితే, తాము కిటికీ కూడా తెరవలేదని ఇప్పటికీ బాధపడతారు.

చంద్రుడి మీదకి మనిషి నిజంగా వెళ్లాడా? ఇలాంటివి అడిగితే కోపగించుకుంటారా?

కోపం దేనికి? వెళ్లాడు. అపోలో 11 వాళ్లు 1969లో అక్కడ వదిలిన అద్దాల పలక మీదకి ఇప్పటికీ భూమి నుంచి లేజర్ వేసి, తిరిగొచ్చిన కాంతితో చంద్రుడి దూరం కొలుస్తున్నారు. చంద్రుడు ఏటా దాదాపు 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడని అలాగే తెలిసింది. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు "అంటే ఆ సంగతి మీకెలా తెలిసింది?" అని ఇంకో ప్రశ్న వెంటనే వస్తుంది, మాకు కావాల్సింది అదే.

"నిన్న రాత్రి రైల్లా వరసగా కదిలే లైట్లు చూశాను, ఏలియన్సా?" అని కూడా అడుగుతారు. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ప్రయోగించిన కొద్దిరోజులు అలా కనిపిస్తాయి.

అందరి ముందు లేచి అడగాలంటే నాకు టెన్షన్.

చాలామందికి అంతే. ప్రతి కుర్చీ మీద ఒక చిన్న చీటీ, పెన్సిలు ఉంటాయి. పేరు రాయకుండా ప్రశ్న రాసి పంపండి. చీటీల మీద వచ్చే ప్రశ్నలే చాలాసార్లు బాగుంటాయి. "రాత్రి ఆకాశం నల్లగా ఎందుకుంటుంది?" అని ఒక చీటీ వచ్చింది. అది ఐదో తరగతి చేతిరాత. నాలుగు వందల ఏళ్ల కిందటి ఖగోళవేత్త కెప్లర్ కాలం నుంచి పెద్దపెద్దవాళ్లు తల బద్దలుకొట్టుకున్న ప్రశ్న అది, ఆ రోజు మిగతా చీటీలు పక్కనపెట్టి దాని మీదే అరగంట గడిచిపోయింది. నలభై నిమిషాల ఉపన్యాసానికి నలభై నిమిషాల ప్రశ్నల టైము అని మా లెక్క. మాట్లాడేవాళ్లు ఎక్కువసేపు లాగితే వెనక నుంచి గంట కొడతాం.

టెలిస్కోప్ కొనాలనుకుంటున్నాను. ఏది మంచిది?

ముందు కొనకండి. రెండు మూడు నెలలు వచ్చి మా వాటిలో చూడండి. ఆన్‌లైన్‌లో "525 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది" అని అమ్మే చిన్న టెలిస్కోపులు చాలా ఇళ్లల్లో చూశాం. 60 మిల్లీమీటర్ల లెన్సు 120 రెట్లు దాటాక మసకే చూపిస్తుంది, అట్టపెట్టె మీద ఏమి రాసినా. స్టాండు వణికితే ఇంక చెప్పక్కర్లేదు. ముందు 7x50 లేదా 10x50 (7 లేదా 10 రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల లెన్సుల) బైనాక్యులర్లు కొనుక్కోండి. చంద్రుడు, కృత్తికలు, గురుడి నాలుగు పెద్ద చంద్రులు, చీకటి చోట ఆండ్రోమెడా గెలాక్సీ అన్నీ వాటిలోనే దొరుకుతాయి.

ఇంట్లో పాత టెలిస్కోప్ మూలన పడి ఉంది. తీసుకురావచ్చా?

తప్పకుండా. బిగించడం రాకే చాలావరకు మూలన పడతాయి. ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం) సరిచేయడం నేర్పిస్తాం. సముద్రపు గాలికి లెన్సులకి బూజు పట్టేస్తుంది మనూళ్లో. లెన్సులు డబ్బాలో పెట్టి సిలికా జెల్ పాకెట్లు వెయ్యండి, బట్టతో మాత్రం తుడవకండి.

నేనూ ఒకసారి మాట్లాడొచ్చా?

రెండు మూడు ఉపన్యాసాలు విన్నాక అడగండి. ముందు మా సభ్యుల ముందు ఒక ట్రయల్ ఉంటుంది, మొహమాటం లేకుండా చెబుతారు. మేం పెట్టే షరతులు కొన్నే. చెప్పేది ఒక్క విషయం గురించే ఉండాలి. స్లైడ్ మీద రాసింది చదవకూడదు. ఒక అంకె చెబితే అది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి, లేకపోతే ఆ అంకె వద్దు. తెలియని ప్రశ్న వస్తే తెలియదనాలి, వచ్చే నెల తెలుసుకుని చెప్పాలి. ఈ చివరిదానికే కొందరు వెనక్కి తగ్గుతారు.

వీడియోలు దొరుకుతాయా?

ఉపన్యాసం భాగం రికార్డు చేస్తాం. ప్రశ్నల టైములో కెమెరా ఆపేస్తాం, జనం స్వేచ్ఛగా అడగాలని.

మా స్కూలుకి వచ్చి చెబుతారా?

వస్తాం, శీతాకాలంలో అయితే మంచిది. నీడ మాయమయ్యే ప్రయోగం కావాలంటే మాత్రం లెక్క వేరు. మే 10, ఆగస్టు 2 ప్రాంతాల్లో సూర్యుడు విశాఖకి నడినెత్తిన వస్తాడు, ఆ మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకి పక్కకి నీడ పడదు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా ఆగస్టులో ఎండ కాసిన ఏడాది స్కూలు గ్రౌండులో కర్ర పాతి చేయించగలం, కర్రొక్కటి చాలు.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

నీళ్ల సీసా. డాబా మీద ఫోన్ టార్చి వెయ్యకండి, చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఒక్క వెలుగుతో అంతా పోతుంది. ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టిన టార్చి అయితే ఫర్వాలేదు. తొమ్మిదింటికి ముగిస్తాం. కాంప్లెక్స్ బస్టాండ్ దగ్గరే కాబట్టి బస్సు దొరుకుతుంది. ఒంటరిగా వెళ్లాల్సినవాళ్లు అదే వైపు వెళ్లే సభ్యులెవరో గుమ్మం దగ్గర అడగండి. బండి మీద వస్తే స్కూలు గేటు లోపల పెట్టండి, రోడ్డు మీద పెడితే ట్రాఫిక్ వాళ్లు తీసుకెళ్లిపోతారు.